చూచివ్రాతతో సాహిత్యాన్ని నిలబెట్టిన బ్రౌన్ దొర

మన బడిలో చదువుకున్న ఎవరికైనా చూచివ్రాత పీరియడు గుర్తుండే ఉంటుంది. పైన అచ్చులో ఒక వాక్యం, కింద ఖాళీ గీతలు. మొదటి గీత మీద శ్రద్ధగా, మూడో గీత దగ్గరికి వచ్చేసరికి తొందరగా, అయిదో గీత మీద కిటికీలోంచి కొబ్బరిచెట్లను చూస్తూ వ్రాసేవాళ్లం. పైనున్న అచ్చు వాక్యాన్ని చూడడం ఎప్పుడో మానేసి, మనం వ్రాసినదాన్నే చూసి మళ్లీ వ్రాసేవాళ్లం. అందువల్ల రెండో గీతలో జారిపోయిన ఒత్తు చివరి గీత దాకా జారిపోయే ఉండేది. మాస్టారు ఎర్ర సిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి, పేజీ అంతా తిరగరాయమనేవారు. అప్పుడు అది శిక్ష అనుకున్నాం.

సరిగ్గా ఆ తప్పే, అంటే అసలును చూడకుండా నకలును చూసి వ్రాసే తప్పే, ఒకప్పుడు మన పద్యాలనూ పట్టుకుంది. వందల ఏళ్లపాటు ఒకరి ప్రతి చూసి ఇంకొకరు వ్రాస్తూ వచ్చిన తాటాకుల్లో ఒత్తులు పోయాయి, పాదాలు పోయాయి, కొన్నిచోట్ల పద్యాలే మారిపోయాయి. ఆ ప్రతులను పోగుచేసి, పక్కపక్కన పెట్టి సరిచూసి, మళ్లీ శుభ్రంగా వ్రాయించడానికి ఒక పరాయి దేశస్థుడు తన జీతాన్నీ జీవితాన్నీ ఖర్చు పెట్టారు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. నిఘంటుకర్తగా ఆయన మనకందరికీ తెలుసు. ఈ స్వర్ణోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని చేతివ్రాత వైపు నుంచి ఒకసారి చెప్పుకుందాం. మన పిల్లల చేతుల్లోంచి కలం జారిపోతున్న ఈ రోజుల్లో ఆ కథ మనకు అవసరం.

బాల్యం, చదువు

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మత ప్రచారకుడు, పండితుడు, కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల నిర్వాహకుల్లో ఒకరు. ఇంట్లోనే పిల్లవాడికి హీబ్రూ, అరబిక్, పారశీకం వంటి భాషల పరిచయం కలిగింది. ఒక్కో భాషకు ఒక్కో లిపి. కుడి నుంచి ఎడమకు వ్రాసేవి కొన్ని, ఎడమ నుంచి కుడికి వ్రాసేవి కొన్ని. కొత్త లిపి కనబడితే బెదిరిపోని అలవాటు ఆయనకు అలా చిన్ననాటే అబ్బింది. 1812లో తండ్రి పోయారు. కుటుంబం ఇంగ్లండు చేరింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో చదివి, 1817లో బ్రౌన్ మద్రాసులో ఓడ దిగారు.

అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర ఓనమాలు దిద్దారు. పందొమ్మిదేళ్లు దాటిన దొర, మన ఒకటో తరగతి పిల్లవాడిలాగే అ, ఆ లతో మొదలుపెట్టారన్నమాట. 1820లో గవర్నరుగా వచ్చిన థామస్ మన్రో, ప్రజల భాష రాని అధికారి ప్రజలకు పనికిరాడని ఆ కళాశాల కుర్రవాళ్లకు గట్టిగా చెప్పారు. ఆ మాట బ్రౌన్ మనసులో నాటుకుంది. అదే సంవత్సరం ఆగస్టులో కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా ఉద్యోగంలో చేరారు. హాన్‌బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవారు. తన పుస్తకాల తెలుగు ఎందుకూ చాలదని బ్రౌన్‌కు అక్కడ తెలిసివచ్చింది.

చదవలేని కాగితాలు

మాట రావడం ఒక ఎత్తు, వ్రాత చదవడం ఇంకో ఎత్తు. కచేరీకి వచ్చే అర్జీలు, కరణాల లెక్కలు, దస్తావేజులు ఆ రోజుల్లో గొలుసుకట్టు వ్రాతలో ఉండేవి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి, తలకట్టును తర్వాతి గుడిలో కలిపేసి, మాటకూ మాటకూ మధ్య సందు వదలకుండా వ్రాసే వ్రాత అది. వ్రాసేవాడికి వేగం, చదివేవాడికి చుక్కలు. అచ్చు పుస్తకంలో తెలుగు నేర్చుకున్నవాడికి అది వేరే లిపిలా కనిపిస్తుంది. మన ఇళ్లలో తాతల నాటి పొలం కాగితాలు విప్పి చూసినవారికి ఈ సంగతి అనుభవమే.

ఈ కష్టాన్ని బ్రౌన్ మరచిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత, 1852లో, తెలుగు రీడరు అనే పాఠ్యపుస్తకం వేసినప్పుడు అందులో పురాణ కథలతో సరిపెట్టలేదు. సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు పాఠాలుగా చేర్చారు. భాష నేర్చుకునేవాడు మనుషులు నిజంగా వ్రాసుకునేది చదవగలగాలన్నది ఆయన పట్టు.

1822లో ఆయనకు మచిలీపట్నం బదిలీ అయింది. ఆ తర్వాత కోర్టు ఉద్యోగంలో కొంతకాలం మన రాజమండ్రిలోనూ పనిచేశారు. గోదావరి జిల్లా 1859లో గాని ఏర్పడలేదు. ఆనాటికి మన కోనసీమలో చాలా భాగం రాజమండ్రి జిల్లాలోనిదే. కాబట్టి బ్రౌన్ మనకు మరీ దూరపు మనిషేమీ కాదు.

కడపలోనూ మచిలీపట్నంలోనూ ఆయన తన ఖర్చుతో ఉచిత పాఠశాలలు నడిపారు. అప్పటి వీధిబడుల్లో వ్రాత ఎలా నేర్పేవారో 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదికలో వివరంగా ఉంది. పిల్లలు ముందు ఇసుకలో వేలితో దిద్దేవారు. చెయ్యి తిరిగాక తాటాకు మీద ఇనుప గంటంతో గాని, కాగితం మీద రెల్లుకలంతో గాని వ్రాసేవారు. పలకకు బదులు నల్లగా పూతపూసిన కడితం కూడా వాడేవారు. ఇసుకలో దిద్దడం వెనుక మంచి కారణం ఉంది. ఇసుకలో అక్షరం పెద్దదిగా వస్తుంది, వేలితో పాటు చెయ్యంతా కదులుతుంది. ముందు అక్షరం ఆకారం చేతికి తెలుస్తుంది, తర్వాతే అది చిన్నదవుతుంది. ఈనాడు చేతివ్రాత తరగతులు నడిపేవారు పెద్ద అక్షరాలతో మొదలుపెట్టమని చెప్పేది కూడా ఇందుకే.

తాటాకు, గంటం, తప్పు

బందరులో ఉన్న రోజుల్లో బ్రౌన్ చూపు తెలుగు కవిత్వం మీద పడింది. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి వ్రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి, 1824 ప్రాంతంలో ఆ పద్యాల ప్రతుల కోసం వెతకడం మొదలుపెట్టారు. ప్రతులు దొరికాయి గాని ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదానిలో ఉన్న పద్యం ఇంకోదానిలో లేదు. ఉన్న పద్యంలోనూ మాటలు వేరు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే ఆనాటి వ్రాత పనిని కళ్లముందు పెట్టుకోవాలి. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఒకే కొలతకు కత్తిరిస్తారు. ఎడమచేతిలో ఆకు, కుడిచేతిలో గంటం. గంటం మొన ఆకును గీస్తుందే గాని రంగు వదలదు. గీసిన తర్వాత మసి గాని ఆకుపసరు గాని రుద్దితే గాట్లలోకి చేరి అక్షరాలు కనబడతాయి. అంటే వ్రాసేటప్పుడు వ్రాసేవాడికే తన అక్షరం సరిగా కనబడదు. ఆకు ఈనె వెంట తిన్నని గీత గీస్తే ఆకు చీలిపోతుంది. మన అక్షరాలు గుండ్రంగా మారడానికి ఇదీ ఒక కారణమని పెద్దలు చెబుతారు. ఆకులో చోటు తక్కువ కనుక మాటల మధ్య సందు ఉండదు, పద్యపాదం ఎక్కడ విరిగిందో గుర్తు ఉండదు. ఇక పురుగు తిన్న చోట, ఆకు అంచు విరిగిన చోట, లేఖకుడు తనకు తోచింది పూరించేవాడు.

ఆ లేఖకులను తక్కువగా చూడవలసిన పని లేదు. ముప్పైరెండు అక్షరాలను ఒక గ్రంథం అని లెక్కకట్టి, ఇన్ని గ్రంథాలు వ్రాశామని కూలి తీసుకున్నవారు వారు. చాలా ప్రతుల చివర వారు వ్రాసుకున్న విన్నపం కనిపిస్తుంది. నడుం విరిగి, మెడ వంగి, చూపు తగ్గి కష్టపడి వ్రాశాను, దీన్ని నూనె నుంచీ నీటి నుంచీ కాపాడండి, నా చేతి తప్పులను పెద్దలు మన్నించండి అని దాని సారాంశం. అయితే ఎంత మన్నించినా తప్పు తప్పుగానే తర్వాతి ప్రతిలోకి పోతుంది. మన చూచివ్రాత పుస్తకంలో రెండో గీత తప్పులాగే.

తప్పు పట్టుకునే పద్ధతి

ఎవరి ప్రతి ఒప్పు, ఎవరిది తప్పు అని తేల్చడానికి బ్రౌన్‌కు ఒక కొలబద్ద కావలసి వచ్చింది. అది మన ఛందస్సులో దొరికింది. తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి గార్ల వద్ద ఆయన ఛందస్సు నేర్చుకున్నారు. అంతటితో ఆగక 1827లో దాని మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చువేశారు.

ఛందస్సుకూ చూచివ్రాతకూ సంబంధమేమిటి అనిపించవచ్చు. వృత్తపద్యంలో ప్రతి పాదానికీ రెండో అక్షరం ప్రాస. నాలుగు పాదాల్లో మూడింట ఒక హల్లు ఉండి, నాలుగో దానిలో ఇంకొకటి ఉంటే అక్కడ వ్రాసినవాడి చెయ్యి జారిందన్నమాట. గణం ఒక మాత్ర తగ్గితే దీర్ఘమో ఒత్తో పోయిందని అర్థం. యతి కుదరకపోతే మాటే మారిందని అనుమానించాలి. కవి పద్యంలోనే తాళం వేసి పెట్టాడు, నకలు వ్రాసినవాడి తప్పు ఆ తాళం దగ్గర దొరికిపోతుంది. ఈ సంగతి గ్రహించాక బ్రౌన్ పని ఒక పద్ధతిలో పడింది.

1826లో ఆయన మళ్లీ కడప చేరారు. అక్కడ తోటతో సహా ఒక బంగళా కొని, పండితులకూ లేఖకులకూ వసతి కల్పించి, జీతాలిచ్చి పనిలో పెట్టారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. జూలూరి అప్పయ్య శాస్త్రి, ములుపాక బుచ్చయ్య శాస్త్రి వంటి పండితులు ఆయనతో పనిచేశారు. ఆయన ఊళ్లో లేనప్పుడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఈ పని చూసుకునేవారు.

పని జరిగే తీరు ఇలా ఉండేది. ఒక కావ్యం తీసుకుంటే ముందుగా దానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. కొన్నిటిని కొనేవారు, అమ్మనివారి దగ్గర అరువు తెచ్చి నకలు వ్రాయించుకునేవారు. వాటిని పక్కపక్కన పెట్టి పండితులు చదివేవారు. తేడా ఉన్న చోటల్లా ఆ తేడాను వ్రాసిపెట్టేవారు. ఛందస్సుకూ అర్థానికీ నిలిచిన పాఠాన్ని నిర్ణయించేవారు. ఆ తర్వాతే మంచి కాగితం మీద శుద్ధప్రతి వ్రాయించి, పుస్తకంగా కుట్టించి అట్ట వేయించేవారు. తాటాకు కట్టలో ఉన్న కావ్యం ఈ విధంగా ఎవరైనా తెరిచి చదవగల పుస్తకమయింది.

వేమన పద్యాలు మొదటిసారి ఆయన ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చయ్యాయి. సుమారు ఏడు వందల పద్యాలు. పోగుచేసినవి అంతకంటే చాలా ఎక్కువ. పలనాటి వీరచరిత్ర, బసవపురాణం వంటి గ్రంథాల మీదా ఆయన శ్రద్ధ పెట్టారు. వసుచరిత్ర 1844లో, మనుచరిత్ర 1851లో వ్యాఖ్యానంతో వెలువడ్డాయి. అచ్చుకూటంలో సీసపు అక్షరాలు పేర్చే కార్మికుడి ముందు చదవదగిన చేతివ్రాత ప్రతి లేకపోతే ఈ పుస్తకాలేవీ అచ్చయ్యేవి కావు. అచ్చు పుస్తకం కూడా చేతివ్రాత మీదే నిలబడిందని మనం తరచుగా మరచిపోతాం.

అప్పులు, ఆటంకాలు

ఇదంతా కంపెనీ ఇచ్చిన పని కాదు. పగలు కచేరీ, మిగిలిన వేళల్లో తెలుగు. జీతం చాలక అప్పులు చేశారు. 1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లి సుమారు మూడేళ్లు అక్కడ ఉండవలసి వచ్చింది. ఇంకొకరైతే ఆ పని అక్కడితో వదిలేసేవారు. ఆయన లండనులోని ఇండియా హౌస్ గ్రంథాలయంలో, ఎప్పుడో డాక్టర్ లేడెన్ సేకరించగా అక్కడికి చేరి ఎవరూ ముట్టని దక్షిణాది వ్రాతప్రతులను చూశారు. అక్కడ వాటిని చదవగలిగినవారు లేరు. చదవగలిగినవారున్న చోటికి అవి చేరాలని పట్టుబట్టి, మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించారు.

తిరిగి వచ్చాక మద్రాసులోనే వివిధ ఉద్యోగాలు చేశారు. పారశీక అనువాదకుడిగా, పోస్టుమాస్టరు జనరలుగా కూడా పనిచేశారు. చిరునామా అర్థం కాని ఉత్తరాల గతి ఏమిటో ఆ ఉద్యోగంలో ఉన్నవారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1840లో ఆయన తెలుగు వ్యాకరణం వచ్చింది. 1852లో నిఘంటువు వచ్చింది. చ, జ లను మనం రెండు రకాలుగా పలుకుతాం. చిలుకలో ఒకలాగా, చాపలో ఇంకోలాగా. ఈ తేడా కొత్తవారికి కంటితో కనబడాలని, ఆ నిఘంటువులో దంత్యమైన చ, జ ల నెత్తిన ఒక చిన్న గుర్తు పెట్టి ౘ, ౙ అని అచ్చువేశారు. చదివేవాడి ఇబ్బందిని ముందే ఊహించి అక్షరంలోనే దారి చూపించడం ఇది.

ఆయనలో లోపాలు లేవని కాదు. కంపెనీ ఉద్యోగిగా వచ్చిన మనిషి, తన కాలపు అభిప్రాయాలు తనకున్నాయి. మన పండితుల తీరు మీద కటువుగా వ్రాసిన సందర్భాలూ ఉన్నాయి. పండితులు కొందరు ఆయన నిర్ణయాలను ఒప్పుకోలేదు. వేమన పేరున చేరినవాటిలో ఏవి వేమనవి అన్న చర్చ ఈనాటికీ ముగియలేదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. శుద్ధప్రతులు వ్రాసిన చేతులు మన తెలుగువారివే. పండితుల పేర్లు కొన్ని మిగిలాయి గాని లేఖకుల పేర్లు చాలావరకు మనకు మిగల్లేదు. బ్రౌన్‌ను తలుచుకున్నప్పుడు వారినీ తలుచుకోవడం ధర్మం.

తాను సేకరించిన ప్రతులను ఆయన తన దగ్గర దాచుకోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించారు. అవి తర్వాత మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పరిశోధకులు కూర్చుని పనిచేసింది ఆ గ్రంథాలయంలోనే. 1855లో బ్రౌన్ మన దేశం విడిచివెళ్లారు. ఆ తర్వాత లండనులో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూశారు. ఆయన నిఘంటువును సవరించి 1903లో రెండోసారి అచ్చువేసినప్పుడు ఆ సవరణలో మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులు గారి చెయ్యి కూడా ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో వెలసిన సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఉంది. కడప వైపు వెళ్లే మిత్రులు తప్పక చూడాలి.

మనకు మిగిలే పాఠం

బ్రౌన్ కథలో అందమైన చేతివ్రాత కంటే నమ్మదగిన చేతివ్రాతకు విలువ ఎక్కువ. ముత్యాల్లాంటి అక్షరాలు చూడముచ్చటే. కాని ముందు అది చదివేవాడికి అనుమానం కలిగించకుండా ఉండాలి. అందం ఆ తర్వాత దానంతట అదే వస్తుంది. మన మనవలకూ, ఇప్పుడు మన బడిలో చదువుతున్న పిల్లలకూ నేర్పడానికి ఈ కథలోంచే నాలుగు మాటలు తీసుకోవచ్చు.

మొదటిది, అక్షరానికి అక్షరానికీ ఉన్న తేడాను తెలిసి వ్రాయడం. ద కింద ఒత్తు పెడితే ధ, పొట్టలో చుక్క పెడితే థ. మ, య లు తొందరలో ఒకటైపోతాయి. మయుడనీ యముడనీ పది సార్లు పక్కపక్కన వ్రాయిస్తే పిల్లలకు నవ్వూ వస్తుంది, తేడా కూడా తెలుస్తుంది. డ కింద వత్తు మరచిపోతే గుడ్డి కాస్తా గుడి అయిపోతుంది. ఒకే పోలికగల అక్షరాలను జంటలుగా దిద్దించడం విడివిడిగా దిద్దించడం కంటే మేలు.

రెండోది, ముందు పెద్దదిగా, తర్వాత చిన్నదిగా వ్రాయడం. ఇసుకలో దిద్దించిన పాత పంతుళ్లు చేసింది ఇదే. వెడల్పు గీతల పుస్తకంలో నెల రోజులు వ్రాశాకే సన్న గీతలకు రావాలి. తెలుగు అక్షరానికి కిందా పైనా చోటు కావాలి. పైన గుడి, కింద వత్తు ఇరుక్కుపోకుండా ఉండాలంటే గీతల మధ్య ఖాళీ ఉండవలసిందే. కొంచెం చెయ్యి తిరిగాక, చెక్కినట్టు కోసిన వెడల్పు పాళీ కలంతో వ్రాయించి చూడండి. పాళీని ఒకే వాలులో పట్టుకుని సున్నా చుడితే ఒక పక్క లావు, ఒక పక్క సన్నం దానంతట అదే వస్తుంది. కాలిగ్రఫీ అని ఇప్పుడు నేర్పే అక్షరకళకు తొలిమెట్టు అదే. మన గుండ్రటి లిపికి అది బాగా నప్పుతుంది.

మూడోది, సందు వదలడం. తాటాకు మీద చోటు లేక వదలలేదు. మనకు కాగితం ఉంది. మాటకూ మాటకూ మధ్య ఒక అక్షరం పట్టేంత చోటు వదిలితే సగం వ్రాత బాగుపడినట్టే.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. వ్రాశాక అసలుతో సరిచూడడం. కడప బంగళాలో పండితులు ఏళ్ల తరబడి చేసింది ఇదే. పిల్లవాడు అయిదు గీతలు వ్రాస్తే ప్రతి గీతకూ పైనున్న అచ్చు వాక్యాన్ని చూడాలి గాని తన పై గీతను చూడకూడదు. వ్రాసినదాన్ని పక్కనున్న పిల్లవాడి చేత పైకి చదివించాలి. అతడు ఆగిన చోట మనం సరిగా వ్రాయలేదని అర్థం. ఇది చేతివ్రాతకే కాదు, బ్రతుకులో చేసే ఏ పనికైనా మంచి అలవాటే.

ఒక విన్నపం

మిత్రులారా, ఫోను ఉండగా చేతివ్రాత ఎందుకని మనలోనే కొందరు అడుగుతున్నారు. నిజమే, ఉత్తరాలు పోయాయి. కాని మన ఇళ్ల అటకల మీద ఇంకా కొన్ని కాగితాలు ఉన్నాయి. తాతగారి డైరీ, అమ్మమ్మ వ్రాసుకున్న మంగళహారతుల పుస్తకం, గొలుసుకట్టులో ఉన్న పంట లెక్కలు, ఒకటీ అరా తాటాకు కట్ట. 1986 ఆగస్టు వరదల్లో, 1996 నవంబరు తుఫానులో మన సీమలో ఇళ్లతో పాటు ఇలాంటివి ఎన్ని పోయాయో లెక్క తెలియదు. మిగిలినవి చెదలకూ తేమకూ పోతున్నాయి. వాటిని చదవగల పెద్దవారు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. కాగితం మిగిలినా చదివేవారు లేకపోతే అది లండను అల్మరాలో పడి ఉన్న తెలుగు ప్రతి లాంటిదే.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా మన సంఘం ముందు ఒక చిన్న ఆలోచన ఉంచుతున్నాను. ప్రతి బ్యాచీ నుంచి ఒక్కొక్కరు తమ ఇంట్లో ఉన్న పాత వ్రాతలో కనీసం నాలుగు పేజీలు బడికి తేవాలి. చదవగల పెద్దలు పిల్లల పక్కన కూర్చుని చదివి చెప్పాలి. పిల్లలు దాన్ని శుభ్రంగా ఒక పుస్తకంలో వ్రాయాలి. ఇద్దరూ కలిసి అసలుతో సరిచూడాలి. చివర వ్రాసిన పిల్ల పేరు, చదివి చెప్పిన పెద్దవారి పేరు, తేదీ వేయాలి. బ్రౌన్ నాటి లేఖకుల పేర్లు మనకు దక్కలేదు. మన పిల్లల పేర్లయినా ఆ పేజీ చివర ఉండనిద్దాం.

ఖర్చు ఏమీ లేదు. కొన్ని గీతల పుస్తకాలు, కొన్ని కలాలు, నెలకు ఒక ఆదివారం పొద్దుట రెండు గంటలు. ఎర్ర సిరా పెన్ను మాత్రం ఒకటి దగ్గర ఉంచుకుందాం. సున్నా చుట్టి మళ్లీ వ్రాయమనే మాస్టారు ఇప్పుడు లేరు కాబట్టి, ఆ పని ఇక మనమే చేయాలి.